తాబేలు పిల్లకు కరెంటు ఎండ

మా చెల్లెలు అండాలు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మోత్కూరు పశువుల ప్రదర్శనలో నా పొట్టేలుకు మొదటి బహుమతి వచ్చినప్పుడు పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో వేశారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో అద్దం కట్టించి ఉంది. అండాలు ఫోటో మాత్రం ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా పడలేదు. ఇక ముందు కూడా ఎవరూ వేయరు. అందుకే ఈ పని నేనే చేస్తున్నాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ కాలంలో మా వాడలో అంత చదివినవాడు ఇంకొకడు లేడు. గొర్రెల కాపరుల సంఘానికి రెండు దఫాలు అధ్యక్షుడిగా చేశాను. పడమటి బావుల దగ్గరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందంటే దాని కోసం భువనగిరి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఈ గుర్వయ్యే. మందకు తోడేలు అడ్డం వస్తే కట్టె పట్టుకుని ఒక్కడినే ఎదురు నిలబడ్డాను. భయం అనే మాట నా పేరు పక్కన ఎవరూ పెట్టలేదు. అలాంటివాడిని అరచేతిలో పట్టే ఒక తాబేలు పిల్ల వల్ల ఒక చలికాలమంతా గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరిగాను. తాబేలు నన్నేం చేస్తుంది? నన్ను భయపెట్టింది దాని పెట్టెలోకి రావలసిన కరెంటు. ఆ కరెంటు వస్తే మా చెల్లెలు ఏమైపోతుందోనన్న దిగులు.

అండాలు భర్త, అంటే మా బావ పరశురాములు, తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో పోయాడు. మోటారు పెట్టడానికి తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. అండాలు సద్ది తీసుకుని గట్టు మీదుగా వస్తోంది. మనిషి డబ్బాను పట్టుకుని నిలబడి ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. ఆమెకు సంగతి అర్థమై, పక్కనున్న ఎండు కట్టెతో ఆ చేతి మీద కొట్టింది. చెయ్యి విడిపోయింది. బావ బురదలో పడ్డాడు. అప్పటికే అంతా అయిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె స్విచ్చు ముట్టలేదు. ఇంట్లో ఒక్క బల్బు ఉండేది. కూతురు దీప్తి ఇంట్లో ఉన్నంత కాలం అది వెలిగింది. పిల్ల చదువుకు పోయాక కిరసనాయిలు దీపం. అది దొరకని రోజుల్లో మంచినూనె దీపం. ఫోను మా ఇంట్లో ఛార్జింగు పెట్టేది. మా ఇంటికి వచ్చినా స్విచ్చు బోర్డున్న గోడకు వీపు ఆనించి కూర్చునేది కాదు. ఫ్రిజ్జు పక్క నుంచి పోవలసి వస్తే కొంగు దగ్గరకు లాక్కుని పోయేది. నీళ్ల నల్లా దగ్గర ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు.

"అండాలక్కా, మాకు దీపావళి ఏడాదికొక్కసారి. నీకు రోజూనే గదనే!"

"నవ్వుండ్రి బిడ్డా, నవ్వుండ్రి. మీ మొగోళ్లు పైలంగ ఉండాలె" అనేది. దాంతో వాళ్ల నవ్వు ఆగిపోయేది.

అలాగని పిరికి మనిషి అనుకుంటే పొరపాటు. అడ్డం తిరిగిన గొర్రెపిల్లను చెయ్యి పెట్టి సర్ది బయటికి తీయడంలో ఆమె తర్వాతే నేను. ఈ మాట నేను అంటున్నానంటే ఆలోచించండి. ముక్కులో ఊది ఊపిరి పోసిన పిల్లలు ఎన్నో. వంటింట్లో కట్లపాము దూరితే రోకలితో కొట్టి, దాన్ని కర్ర మీద వేసుకుని ఊరవతల పారేసి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం వండింది. భర్త పోయిన ఇంట్లో ఉన్న ఒక్క బిడ్డను పశువుల వైద్యం డిప్లొమా చదివించింది. ఇప్పుడు దీప్తి హైదరాబాదులో కుక్కలకు, పిల్లులకు చూసే ఒక దవాఖానలో పని చేస్తోంది.

పిల్లకు సంబంధం చూసింది నేనే. ప్రవీణ్ మంచి పిల్లవాడు, తాగుడు లేదు. ఏసీలు బాగు చేసే మెకానిక్కు. ఆ మాట వినగానే అండాలు ముఖం తెల్లబోయింది.

"కరెంటుతోని బతికేటోనికి పిల్లనిస్తవా అన్నా? నీకు మనసెట్లొచ్చింది?"

నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది.

తొలి కాన్పు తల్లిగారింట్లోనే గనక కార్తీక మాసం చివర్లో దీప్తి వచ్చింది. ప్రవీణ్ కిరాయి కారులో దింపాడు. బట్టల సంచులు దిగాయి, మందుల సంచి దిగింది, చివరికి ఒక వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టె దిగింది. అందులో మట్టి, మట్టి మీద ఒక గుండ్రటి బిళ్ల.

"ఏందే గది? బెల్లం ముద్దనా?" అన్నాను.

"తాబేలు పిల్ల మామ. జర మెల్లగ పట్టుకో."

"తాబేలా! ఫారెస్టోళ్లకు తెలిస్తే జైల్లేస్తరే! నేను సంఘం అధ్యక్షునిగ చేసినోన్ని, నా ఇజ్జత్ ఏం గావాలె?"

"గవి మన అడవుల ఉండే చుక్కల తాబేళ్లు మామ. వాటిని ముట్టనే ముట్టొద్దు. ఇది ఆఫ్రికా జాతి. మా దవాఖానకొచ్చే ఒకాయన పెద్దదాన్ని సాదుతున్నడు, దానికి పుట్టింది. నా పేరు మీద రాయించి కాగితాలు గూడ ఇచ్చిండు. ప్రవీణ్ పొద్దుగాల పోతే చీకటి పడ్డంక వస్తడు. అక్కడ దీన్ని ఎవ్వలు చూస్తరు?"

అండాలు ఒంగి చూసింది. పిల్ల తల బయటపెట్టి ఆమెను చూసింది. దాని మెడ మీది ముడతలు ముసలామె మెడలా ఉన్నాయి. "వీడా చిప్పోడు!" అని నవ్వింది అండాలు. ఆ పేరే ఖాయమైంది.

దీప్తి సంచిలోంచి ఒక పొడుగాటి ట్యూబు, ఒక గుండ్రటి బల్బు తీసింది. "అమ్మా, దీనికి రెండు కావాలె. ఒకటి వేడి, ఒకటి ఎండల ఉండే వెలుగు. వేడి లేకపోతే తిన్నది అరగదు, జలుబు చేస్తది. ఆ వెలుగు లేకపోతే చిప్ప మెత్తబడి కాళ్లు వంకర పోతయ్. మన రాతి ఇల్లు చలికాలం గడ్డ కడ్తది గదా, గందుకే రెండూ తెచ్చిన."

అండాలు అప్పటికే గుమ్మం దాటి వాకిట్లో నిలబడింది.

"నా ఇంట్ల గవి పెట్టకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. నువ్వు కడుపుతో ఉన్నవు. ఏమన్న అయితే నేను బతకను."

ప్రవీణ్ ఏదో చెప్పబోతే దీప్తి కళ్లతోనే ఆపింది. సంగతి అక్కడే తేలిపోయింది. ఆ తాబేలు పిల్ల బతకాలంటే ఆ ఇంట్లో కరెంటు వెలగాలి. కరెంటు వెలిగితే మా చెల్లెలికి నిద్ర లేదు, తిండి లేదు. మధ్యలో నిండు గర్భిణి.

ఇలాంటి చిక్కుముళ్లు సంఘంలో ఎన్ని విప్పలేదు నేను? "మా ఇంట్ల పెట్టుండ్రి, నేను చూసుకుంట" అని పెట్టె ఎత్తుకుపోయాను. ట్యూబు, బల్బు నేనే తగిలించాను. కానీ మా ఇంట్లో మంద కుక్క ఉంది. దానికి ఈ కదిలే బిళ్ల ఏమిటో అర్థం కాక పెట్టెను మూతితో తోసి బోర్లించింది. నేను పెరట్లోంచి పరుగెత్తి వచ్చేసరికి చిప్పోడు దాని రెండు కాళ్ల మధ్య తలకిందులుగా కాళ్లు ఆడిస్తున్నాడు. కుక్కను కాలితో తన్ని, పిల్లను చొక్కా జేబులో వేసుకుని, ఆ పూటే చెల్లెలి ఇంటికి తెచ్చి అప్పజెప్పాను. జేబులో అది కదులుతుంటే నా గుండే కదులుతున్నట్టు ఉంది.

అప్పుడు అండాలు తన దారి తాను చూసుకుంది. దేవుడిచ్చిన ఎండ ఉండగా కరెంటు ఎండ ఎందుకంది. పొద్దు ఎక్కగానే పెట్టెను వాకిట్లో పెట్టి, సగానికి నీడ పడేలా చాట అడ్డం పెట్టి, పక్కనే కూర్చునేది. కాకి వాలితే "హుష్", గద్ద తిరిగితే కొంగు అడ్డం. గరక, మందార ఆకులు కోసి వేసేది. చిప్పోడు ఒక్కో ఆకును కసుక్కున కొరుకుతుంటే చూసి మురిసేది. "నీ తాత సంపాదించిన ఆస్తా, మెల్లగ తిను" అని దానితో ముచ్చట్లు పెట్టేది. పొద్దు గూకగానే పెట్టెను లోపలికి తెచ్చి, చుట్టూ గొంగడి చుట్టేది. దీప్తి కూడా ఊరుకుంది. సూర్యుడి వెలుగును మించిన ట్యూబు ఎక్కడా లేదని తనే చెప్పింది. మాకు తెల్లవారుజాము చలే భయం. అయినా రోజులు గడిచిపోతున్నాయి.

అంతలో ఎక్కడో సముద్రంలో తుఫాను పుట్టింది. మా దగ్గర ముసురు పట్టింది. సూర్యుడి జాడ లేదు. సన్నటి జల్లు, ఎముకల్లోకి దిగే గాలి. మందలో గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. చిప్పోడు తినడం మానేశాడు. మర్నాటికి కళ్లు తెరవలేదు. ముక్కు దగ్గర చిన్న నీటి బుడగ కనిపించింది. అది చూసి దీప్తి ముఖం మారిపోయింది.

"అమ్మా, ఇది మామూలు జలుబు కాదు. వెచ్చగ ఉంచకపోతే లోపలికి దిగుతది. దిగిందంటే ఇంత చిన్నదానికి మందేసినా లాభముండదు."

"ఉంచుదాం బిడ్డా. నువ్వు ఏడ్వకు. వెచ్చగ ఉంచుడు నాకు రాదా?"

రాదని ఎవరంటారు? మా ప్రాంతంలో ఏ ఇంట్లో కాన్పు జరిగినా బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెడతారు. తల్లికీ బిడ్డకూ కింద నుంచి కాక తగలాలి. నడుము గట్టిపడుతుందని, బిడ్డకు చలి సోకదని. మా అమ్మ మమ్మల్ని అలాగే కన్నది. అండాలు దీప్తిని అలాగే కన్నది. చలికి కొయ్యబారిన గొర్రెపిల్లను బూడిద కప్పిన నిప్పుల పక్కన పడుకోబెట్టి నేనెన్నిసార్లు లేపలేదు! కనుక ఆ సాయంత్రం అండాలు పిల్లను మట్టితో సహా రేకు టబ్బులోకి మార్చి, టబ్బును రెండు ఇటుకల మీద ఎత్తి, కింద కుంపటి పెట్టిందంటే నాకు వింతేమీ అనిపించలేదు. నిప్పులు మా ఇంటి నుంచే పోయాయి. బూడిద ఎంత కప్పాలో కూడా నేనే చెప్పాను. దీప్తి అప్పటికే కాళ్ల వాపులతో మూలుగుతూ పడుకుంది. ఆమెను లేపలేదు.

పొద్దున్నే నేను గొర్రెలకు తుమ్మ కొమ్మలు కొడుతుంటే అండాలు కేక వినిపించింది. అలాంటి కేక నేను ఆమె నోట ఒక్కసారే విన్నాను, బావ పోయిన రోజు. గొడ్డలి అక్కడే పారేసి ఉరికాను.

చిప్పోడు మట్టి పైన లేడు. తవ్వుకుంటూ తవ్వుకుంటూ అడుగుకు పోయి, కాలుతున్న రేకుకు పొట్ట ఆనించి పడుకున్నాడు. అండాలు చేతులతో మట్టి గోకి తీసింది. కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. తల కదలడం లేదు. పొట్ట చిప్ప మీద ఎర్రటి మచ్చ.

దీప్తి గోడ పట్టుకుంటూ వచ్చింది. పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోయించి, పిల్లను అందులో మెడ మునగకుండా పట్టుకుంది. కింద కూర్చోలేక మంచం అంచున కూర్చుని ఒంగింది. ఆమెకు కడుపు అడ్డం వస్తోంది. అండాలు పళ్లెం పట్టుకుంది. నేను కుంపటిని బయట పారేసి వచ్చాను. ఏం చేయాలో తెలియక మళ్లీ వాకిట్లోకి పోయి, మళ్లీ లోపలికి వచ్చాను. ముగ్గురం ఆ పళ్లెంలోకే చూస్తున్నాం. పిల్ల బతికి ఉందో లేదో తెలియడం లేదు.

చాలాసేపటికి ముందు కాలు ఒకటి నీళ్లను తోసింది.

"ఉన్నది" అంది దీప్తి. అప్పుడు ఏడ్చింది.

"నేనే సంపిన్నా బిడ్డా? వెచ్చగుంటదనే పెట్టిన. కాలితే పైకొస్తది గదా, ఎందుకు రాలేదు?"

"రాదమ్మా. దీనికి తెలిసిన వేడంతా పైనున్న సూర్యుడే. ఎండ ఎక్కువైతే కిందికి తవ్వుకుంట పోతది. అడుగున సల్లగుంటదని దానికి పుట్టుకతోనే ఎరుక. నువ్వేమో కింద మంట పెట్టినవు. అది కాలిన కొద్దీ కిందికే పోయింది. గొర్రెపిల్లయితే అరుస్తది, పక్కకు జరుగుతది. దీనికి పొట్ట కాలుతున్నది గూడ సరిగ తెల్వదు."

అండాలు పళ్లెంలో చూస్తూనే ఉంది. ఆ ఎర్ర మచ్చ మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, అల్లునికి ఫోన్ చెయ్యి. కరెంటు పెట్టుమను."

ఆ మాట అన్నప్పుడు ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నానికే ప్రవీణ్ వానలో తడుస్తూ బండి మీద వచ్చాడు. తల తుడుచుకోబోతే అండాలు తువ్వాలు లాక్కుని తానే అతని అరచేతులు, వేళ్ల సందులు తుడిచింది. పాదాలు తుడిచింది. చిన్నపిల్లవాడిలా నిలబడ్డాడు పాపం. పాత వైరు మొత్తం పీకేసి కొత్తది లాగాడు. వాకిట్లో రాగి కడ్డీ దిగేసి ఎర్తింగు తీశాడు. మీటరు దగ్గర ఒక కొత్త స్విచ్చు బిగించాడు. కరెంటు ఎక్కడ లీకైనా అది తనంతట తానే పడిపోతుందట. అంత సేపూ అండాలు అతని వెనకే చింత కట్టె ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అతను నిచ్చెన ఎక్కితే నిచ్చెన దగ్గరికి, దిగితే గోడ దగ్గరికి.

"అత్తమ్మా, మెయిన్ బంద్ చేసిన. ఒక్క చుక్క కరెంటు లేదు" అన్నాడు ప్రవీణ్.

"కానీ. నేను ఊకెనే నిలబడ్డ."

తర్వాత సంచి విప్పి తెచ్చినవన్నీ బొంత మీద పేర్చాడు. దవాఖానకు సామాను అమ్మే దుకాణంలో ఏది కావాలో తెలియక అన్నీ ఒక్కోటి తెచ్చాడట. అండాలు దూరంగా కూర్చుని ఒక్కోదాన్ని కట్టె కొసతో చూపిస్తూ అడగడం మొదలుపెట్టింది. నేను సంఘానికి పొట్టేళ్లు కొనేటప్పుడు పళ్లు, గిట్టలు చూసేవాడిని. అంత పరీక్షగా చూసింది.

"గీ ఎర్ర బల్బు?"

"రాత్రి వేడికి, అత్తమ్మా."

"ఎర్రది వద్దు" అంది దీప్తి మంచం మీద నుంచి. "రాత్రంతా కండ్ల మీద వెలుగు పడితే దానికి నిద్ర పట్టదు."

"గీ బట్ట లెక్క ఉన్నదేంది?"

"వేడి చాప. పెట్టె కింద పరుస్తరు."

"కింద వద్దు" అని అండాలు గట్టిగా అరిచింది. అందరం ఉలిక్కిపడ్డాం. "దాన్ని నా కండ్ల ముందట ఉంచకు, కట్టి పెట్టు. ఏదన్న పైనుంచే."

తెల్ల బల్బు పగటి వేడికి. పెట్టెకు ఒక మూలనే ఉండాలి, రెండో మూల చల్లగా ఉండాలి. ఎటు పోవాలో పిల్లే చూసుకుంటుంది. ట్యూబు ఎండ వెలుగుకు. రాత్రికి పింగాణీ బల్బు, వెలుగు రాదు, వేడి మాత్రం వస్తుంది. వేడి ఎక్కువైతే ఆపి, తగ్గితే పెట్టే చిన్న డబ్బా దానికి వేరుగా ఉంది. ఇవన్నీ దీప్తి చెబుతుంటే అండాలు తల ఊపింది. చివరికి ప్రవీణ్ బల్బును ఒక పట్టకారు లాంటి పట్టుకు బిగించి పెట్టె అంచుకు తగిలించాడు.

"గా పట్టు జారితే?" అంది.

"జారదు అత్తమ్మా. గట్టిగనే ఉంటది."

"జారితే పెట్టెల పరిచిన ఎండుగడ్డి మీద పడ్తది. లేకపోతే నీళ్ల పళ్లెంల పడ్తది. అప్పుడు?"

"పడదంటున్న గదా. ఏం కాదు."

"పోయిన మీ మామ గూడ ఏం కాదనే అన్నడు బిడ్డా."

ప్రవీణ్ ఆ పట్టును తీసి రెండుసార్లు లాగి చూశాడు. మూడోసారికి అది నిజంగానే ఊడి చేతిలోకి వచ్చింది. అతని మెడ మీద చెమట కనిపించింది, ఆ చలిలో. "మామ, మీ ఇంట్ల ఇనుప గొలుసు ఉన్నదా?" అని నన్ను అడిగాడు. పొట్టేలును కట్టే గొలుసు తెచ్చి ఇచ్చాను. బల్బు, పింగాణీ బల్బు రెండూ దూలానికి గొలుసుతో వేలాడాయి, చుట్టూ తీగ జాలీతో. వైరు నీళ్ల పళ్లేనికి ఎదురు మూల నుంచి పైకి పోయింది. ఆ ఇంట్లో అంత జాగ్రత్తగా అమర్చింది మరొకటి లేదు. మనిషి భయపడి చేసిన పని ధైర్యంగా చేసిన పని కంటే గట్టిగా నిలుస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

చీకటి పడకముందే ప్రవీణ్ స్విచ్చు వేశాడు. తెల్లటి వెలుగు మట్టి మీద పడింది. అండాలు కళ్లు మూసుకుని గోడకు అతుక్కుంది. ఏమీ కాలేదు.

వెళ్లేటప్పుడు ప్రవీణ్ పొద్దున వేసి సాయంత్రం ఆర్పే పని నాకు అప్పజెప్పాడు. "దీప్తిని ముట్టనియ్యను" అని అండాలు ముందే ఒట్టు పెట్టుకుంది. తను ముట్టే ప్రశ్నే లేదు. ఆ బాధ్యత నేను సంతోషంగా తీసుకున్నాను. చిప్పోడు రెండు రోజులకు కళ్లు తెరిచాడు. మూతి దగ్గర బుడగ తగ్గింది. ఆకు మాత్రం ముట్టడం లేదు. ఇంకో చలి తగిలితే ఇక లేవడని దీప్తి అంది.

ఆ మాట అన్న తెల్లారి నేను స్విచ్చు వేసి ఆత్మకూరు పోయాను, సంఘం పని. నేను లేకుండా అక్కడ కాగితం కదలదు. తిరిగి వచ్చేసరికి ఊరంతా మబ్బు కమ్మి సాయంత్రంలా ఉంది. బస్సు దిగగానే విన్నాను, కరెంటు రెండుసార్లు పోయి వచ్చిందని. ఇంటికి పోకుండా నేరుగా చెల్లెలి ఇంటి వైపు నడిచాను. నడక పరుగైంది. గుమ్మం దగ్గర ఆగిపోయాను.

లోపల చీకటి. పెట్టెలో వెలుగు లేదు. మీటరు పక్కన కొత్త స్విచ్చు, కరెంటు పోయి వచ్చిన దెబ్బకేమో, కిందికి పడి ఉంది. దీప్తి మంచం మీద ఫోను చెవికి పెట్టుకుని కూర్చుంది, ముఖమంతా కన్నీళ్లు. గోడ దగ్గర వేసిన స్టూలు పక్కకు పడి ఉంది. తర్వాత తెలిసింది, తాబేలు పిల్ల చల్లబడిపోతోందని దీప్తే స్టూలు ఎక్కబోయిందని, అండాలు ఆమెను రెక్క పట్టి లాగి మంచం మీద కూలేసిందని.

ఇప్పుడు అండాలు మీటరు ముందు నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు. కాళ్ల కింద రొట్టెలు చేసే చెక్క పీట, పొడుగు మనిషి గనక మీటరు అందుతోంది. చేతికి పొడి గుడ్డ చుట్టుకుంది.

"అమ్మా, అన్ని ప్లగ్గులు పీకేసినవా అని అడుగుతున్నడు ప్రవీణ్."

"పీకిన."

నేను ఉలిక్కిపడ్డాను. పీకిందట! ఆ మూడు ప్లగ్గులూ ఆ చేతులతోనే.

"ఇప్పుడు ఆ నల్లదాన్ని పైకి లేపు. లేవకపోతే బలవంతం చెయ్యకు, విడిచిపెట్టు."

నేను లోపలికి అడుగు పెట్టి "నువ్వు జరుగు, నేను లేపుత" అని చెప్పాలి. చెప్పలేకపోయాను. నా మాట విని ఆమె ఉలిక్కిపడి చెయ్యి ఇంకెక్కడో పెడితే? తోడేలు ముందు నిలబడ్డప్పుడు నా కాళ్లు ఇలా లేవు. అండాలు చెయ్యి ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది. గొంతులోంచి ఏదో సన్నటి మూలుగు, తనకు తెలియకుండానే వస్తోంది. "పరశురాములూ" అందో, లేక నాకే అలా వినిపించిందో.

టక్ మంది.

నల్లటి పుల్ల పైకి లేచి అక్కడే నిలిచింది. అండాలు కూడా అక్కడే నిలిచింది, చెయ్యి గాల్లో ఉండగానే.

"నిలబడ్డదా?" అంది దీప్తి.

"నిలబడ్డది."

"ఇగ ప్లగ్గులు ఒక్కొక్కటి పెట్టుమంటున్నడు."

ఒకటి పెట్టింది. రెండోది పెట్టింది. మూడోదానికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బోర్డు మీది స్విచ్చు. పెట్టెలోకి వెలుగు వచ్చి పడింది, దాని వెనకే ట్యూబు తెల్లగా వెలిగింది. అప్పుడు అండాలు గోడ పట్టుకుని పీట మీదే కూలబడింది. నేను లోపలికి పోయాను.

"ఎప్పుడొచ్చినవ్ అన్నా?"

"ఇప్పుడే."

"నా చెయ్యి జర చూడు. ఉన్నట్టే తెలుస్తలేదు నాకు."

గుడ్డ విప్పి చూశాను. చల్లగా, చెమటతో తడిగా ఉంది. అంత గట్టి చెయ్యి, గొర్రె కడుపులోంచి పిల్లల్ని తీసిన చెయ్యి, నా చేతిలో పిట్టలా కొట్టుకుంటోంది. "ఉన్నది చెల్లె. మంచిగనే ఉన్నది" అన్నాను.

చిప్పోడు చల్లటి మూలలో మట్టిలో ముడుచుకుని ఉన్నాడు. మేం ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. బయట వాన పెరిగింది. కరెంటు మళ్లీ పోతుందేమోనని నా చూపు బల్బు మీదే ఉంది. ఎంతసేపైందో, మట్టి కొంచెం కదిలింది. ముందు తల, తర్వాత ఒక కాలు. నడిచి, ఆగి, నడిచి, బల్బు కింద వెలుగు గుండ్రంగా పడ్డ చోటికి చేరి మెడ బారుగా చాపాడు. అక్కడే ఉన్న గరక పోచను వాసన చూసి, కసుక్కున కొరికాడు.

దీప్తి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అండాలు చిప్పోడు రెండో పోచ తినేదాకా చూసి, ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"పొద్దుగూకినంక దాన్ని ఆర్పాలె గదా?"

"నేనున్న గదా, ఆర్పుత."

"వద్దు. నువ్వు ముట్టకు. నేనే ఆర్పుత." నేను విప్పిన పొడి గుడ్డను తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు ఎక్కడికి పోకు. గంతే."

నేను పోలేదు. బస్సులో తడిసిన బట్టలతోనే చీకటి పడేదాకా ఆ గడప మీద కూర్చున్నాను.